టీ బాకీ దగ్గర నన్ను పట్టుకున్న మేస్త్రి గారికి

రెండు నెలలుగా ఇది రాద్దామని కూర్చుంటున్నాను, లేచిపోతున్నాను. ఇవాళ యార్డుకు సెలవు, రాసేస్తున్నాను. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాను. పోయిన ఏడాది ఎండాకాలంలో చనిపోదామనుకున్నాను. రోజు కూడా పెట్టుకున్నాను. నన్ను ఆపినవాళ్ళకి నలుగురి ముందు దణ్ణం పెట్టుకోవాలని ఈ నాలుగు మాటలు.

అందరూ అప్పే కారణమనుకున్నారు. అప్పు ఉంది, నిజమే. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన మిర్చి మళ్ళీ ఆ ధరకి రాకపోతుందా అని మా బావమరిదీ నేనూ కలిసి కొన్న టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. 2025 మొదట్లో ధర 11, 12 వేలకి దిగింది. కానీ నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు అదే యార్డులో మామూలుగానే తిరుగుతున్నారు. నాకు మాత్రం తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. అన్నం మట్టిలా ఉండేది. కూడికల్లో ఎన్నడూ రాని తప్పులు వచ్చేవి. అదొక జబ్బని తెలియదు, నా చేతకానితనమే అనుకున్నాను.

యార్డులో ఒక సౌకర్యం ఉంది. ఘాటుకి అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి, అందరి ముక్కులూ కారుతుంటాయి. నేను ఏడ్చినా ఎవరూ అడగలేదు.

మా హమాలీ మేస్త్రి గారు అడిగారు.

"గుమాస్తా గారూ, మూడు నెలల టీ బాకీ ఒక్కసారే కట్టేశారంట?" అన్నారు టిక్కీల నీడన కూర్చోబెట్టి. అవునన్నాను. "మీ క్యాలిక్యులేటర్ మన కుర్రాడికి ఇచ్చేశారంట?" దానికీ అవునన్నాను. బీడీ వెలిగించకుండా కాసేపు వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండి, "చచ్చిపోదామని గానీ అనుకుంటున్నారా?" అన్నారు. గొంతు తగ్గించలేదు. కాటా ఎంత తూగిందని అడిగినట్టే అడిగారు.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకి భయం. నాకైతే ఎన్నాళ్ళుగానో మోస్తున్న బస్తాకి ఎవరో చెయ్యేసినట్టయింది. ఉందని చెప్పేశాను. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదని తర్వాత డాక్టరు గారు కూడా అన్నారు.

ఆయనకి ఎలా తెలిసిందంటే, వాళ్ళ పెద్దబ్బాయి అలాగే పోయాడు. అంతకు ముందొకసారి ప్రయత్నించి బతికితే, పోలీసు కేసవుతుందని భయపడి ఇంట్లోనే దాచారట. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మాటే ఎవరూ ఎత్తలేదట. ఇది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాకముందు సంగతి. ఇప్పుడు అలా ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే ముందు భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే వైద్యం చూడాలి అని ఆ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. "ఆ చట్టం అప్పుడుంటే అడిగేవాణ్ణి బాబూ" అన్నారు మేస్త్రి గారు. నా జీవితంలో నేను విన్న అతి బరువైన మాట అదే.

ఆయన ఫోన్ నుంచే 14416కి చేశాం. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడిన ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. "బతకొద్దని ఉందా సార్, ఇలా బతకొద్దని ఉందా?" అని అడిగింది. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది, అంతసేపూ లైన్లోనే ఉంది. తల్లీ, నువ్వెక్కడున్నా చల్లగా ఉండు.

ఆ రాత్రి మేస్త్రి గారు మా వరండాలోనే పడుకున్నారు. మర్నాడు ఆయనా మా ఆవిడా కలిసి జీజీహెచ్‌లో, అదే గుంటూరు పెద్ద ప్రభుత్వాస్పత్రిలో, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళారు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, చచ్చిపోవాలనే ఆ ఉధృతి వస్తుంది, తగ్గుతుంది, తగ్గేదాకా పక్కన మనిషి ఉండాలన్నారు డాక్టరు గారు. ఇంట్లో ప్రమాదం అనిపించినవన్నీ మా ఆవిడ అదే రోజు వాళ్ళ అక్క ఇంటికి చేర్చేసింది. వంతులేసుకుని నా దగ్గర కూర్చున్న పక్కింటి పిన్నిగారికి, వడ్డీ మాట ఆరు నెలలు ఎత్తనన్న మా సేటు గారికి కూడా నమస్కారాలు.

"కష్టాలు మనుషులకు కాక మానులకొస్తాయా" అని ధైర్యం చెప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ ఆ మాట వినగానే నా నోరు మూతబడేది. కష్టం మనిషిని రాటుదేలుస్తుందనే మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ నాలుగు నెలలు నాకేమీ నేర్పలేదు, అరిగించాయంతే.

తగ్గాక మొక్కు తీర్చడానికి అమరావతి వెళ్ళాం. అమరేశ్వరుడి దర్శనమయ్యాక స్తూపం దగ్గర కూర్చుంటే చిన్నప్పుడు విన్న కిసా గోతమి కథ గుర్తొచ్చింది. చచ్చిపోయిన బిడ్డని బతికించమంటే, చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు కదా బుద్ధుడు. చావు అందరికీ తప్పదని ఆ కథకి అర్థం చెబుతారు. నాకు మాత్రం ఆ గడపలు కళ్ళకు కట్టాయి. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు తమ ఇంట్లో పోయినవాళ్ళ గురించి ఆవిడకి చెప్పే ఉంటారు, మేస్త్రి గారు నాకు చెప్పినట్టు.

అప్పు ఇంకా ఉంది. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. నిద్ర ఐదింటిదాకా పడుతోంది.

నిన్నటికి టీ బాకీ 140 రూపాయలయింది. కట్టబోతే మేస్త్రి గారు ఊరుకోలేదు, "ఉండనీయండి, నెలాఖరుకు చూద్దాం" అని టీ కొట్టు అబ్బాయికి కూడా గట్టిగా చెప్పారు.