ఎడిటర్ గారూ, మాకో గది కావాలి, కదలకుండా కూర్చునే మనిషి కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

రిటైరైనవాళ్లు కాలక్షేపానికి ఏం చేయొచ్చో ఈమధ్య మీ ఆదివారం పేజీలో రాశారు. వాకింగు, యోగా, మనవళ్లు, తీర్థయాత్రలు. ఊళ్లన్నీ మా తిరుపతికే వస్తుంటే మేం ఎక్కడికి పోవాలండీ తీర్థయాత్రకి! మీ జాబితాలో లేనిది ఒకటి నేను రెండేళ్లుగా చేస్తున్నాను. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని బొమ్మ వేయడం. దాని గురించి నాలుగు ముక్కలు రాస్తాను, చివర్లో ఒక కోరిక కూడా ఉంది, ముందే చెప్పేస్తున్నా.

నేను సర్వే శాఖలో చేసి దిగిపోయినవాణ్ణి. చైను లాగడం, పొలం గట్ల మీద హద్దురాళ్లు వెతకడం, అడుగు నేల కోసం కొట్టుకునే అన్నదమ్ముల మధ్య నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినడం, ముప్పై ఏళ్లు ఇదే పని. కొలిచి గీయడం మనకి కొత్తా అనుకున్నా. మొదటి ఆదివారమే ఆ పొగరు దిగింది. బైరాగిపట్టెడలో ఒక మిత్రుడి కారు షెడ్డులో నలుగురం చేరాం, అందరం అరవై దాటినవాళ్లమే. మోడల్‌గా వచ్చింది ఆ వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ. సగం రోజు కూలి ఇస్తాం, రెండు గంటలు కదలకుండా కూర్చో అంటే "ఊరికే కూచుంటే కూలా సామీ?" అని నవ్వాడు. ఇరవై నిమిషాలయ్యాక కాలు తిమ్మిరెక్కి, తొడ రుద్దుకుంటూ లేచి "దీనికంటే గోడ కట్టేదే మేలు" అన్నాడు.

పద్ధతి ఏంటంటే, ముందు నిమిషం భంగిమలు ఓ పది. నిమిషంలో కొలతలు కుదరవు, తల నుంచి మడమ దాకా ఒళ్లు ఎటు వంగిందో రెండు మూడు గీతల్లో పట్టేసుకోవాలి. నేనేమో తల శ్రద్ధగా గీసి చెవి పెట్టేసరికి టైమైపోయేది. పది కాగితాల మీద పది తలకాయలు, ఒక్కదానికీ ఒళ్లు లేదు. ఆ తర్వాత ఐదు నిమిషాలవి, ఆఖర్న ఇరవై నిమిషాలవి. మోడల్ విరామానికి లేచేముందు అతని పాదాల చుట్టూ సుద్దముక్కతో గీస్తాం, కాఫీ తాగొచ్చి మళ్లీ ఆ గీతల్లోనే పాదాలు పెడితే సగం భంగిమ దానంతటదే వచ్చేస్తుంది.

నిలబడ్డ మనిషి ఒక కాలి మీద బరువు వేస్తే ఆ వైపు నడుం పైకి లేస్తుంది, ఆ వైపు భుజం కిందికి దిగుతుంది. గుళ్లో అమ్మవార్ల విగ్రహాల్లో ఆ ఒంపు చిన్నప్పట్నించీ చూస్తున్నా, త్రిభంగి అంటారని తెలుసు, అది అందం కోసం పెట్టిందనే అనుకున్నా ఇన్నాళ్లూ. బరువు సంగతి షెడ్డులోనే తెలిసింది. గొంతు గుంట నుంచి దారం వదిలితే అది బరువు మోసే కాలి మడమ దగ్గర పడాలి, పడకపోతే మీ బొమ్మలో మనిషి పక్కకి ఒరిగిపోతున్నాడన్నమాట. నేను పెన్సిల్‌ని రెండు వేళ్లతో వేలాడదీసి, ఒక కన్ను మూసి అది చూస్తుంటే మేస్త్రీ పెదాలు మాత్రం కదిపి "తూకం చూస్తుండారా సామీ" అన్నాడు. విరామంలో సంచిలోంచి గోడ తూకం చూసే గుండు తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పుడు మా షెడ్డులో మేకుకి వేలాడుతోంది.

గుండు అంటే గుర్తొచ్చింది, తల వేయడం నేర్చుకోవడానికి మా ఊరిని మించిన ఊరు లేదు. జుట్టుంటే పుర్రె ఆకారం తెలీదు, కొత్తగా వేసేవాళ్లు చాలామంది చెవి వెనక ఉండాల్సిన తలని సగానికి కోసేస్తారు. రైల్వే స్టేషన్ ఎదురుగా యాత్రికులు దిగే విష్ణు నివాసం దగ్గర సాయంత్రం అరగంట కూర్చోండి, గంధం పూసుకున్న గుండ్లు ఎన్ని రకాలో! వెనక నుంచే వేస్తాను, ముఖం వేయాలంటే అడిగి వేస్తాను.

"ఫోన్లో ఫోటో తీసుకుని ఇంట్లో తీరిగ్గా వేసుకోవచ్చు కదా" అంటాడు మా అబ్బాయి. కెమెరాకి ఒక్కటే కన్ను. మోకాలు ముందుకొస్తే ఏనుగు మోకాలు చేస్తుంది, నీడని నల్లగా పూసేసి అందులో ఏముందో దాచేస్తుంది. పైగా ఫోటోలో మనిషి అలసిపోడు. మా మేస్త్రీ భుజం పదిహేనో నిమిషానికి మెల్లగా జారుతుంది, జారకముందుది వేయాలా జారాక వేయాలా అని నలుగురం తలలు పట్టుకుంటాం, అదే మజా.

శిల్పశాస్త్రంలో పెద్ద దేవుళ్లకి ఉత్తమ దశతాళం, అంటే ఇంచుమించు పది ముఖాల ఎత్తు (తాళమంటే ముఖం పొడవు). మామూలు మనిషి తన తలకి ఏడున్నర రెట్లు ఉంటాడని డ్రాయింగ్ లెక్క. నేను మొదట్లో వేసినవాళ్లు ఐదే ఉండేవాళ్లు. మా ఇంటావిడ చూసి "బొమ్మ బాగుంది గానీ, మేస్త్రీ కొడుకా?" అంది.

ఇక అసలు బాధ. షెడ్డులో ఎండాకాలం కూర్చోలేం, రేకుల కప్పు. ఒక కమ్యూనిటీ హాలు అడిగితే అంతా విని, "మోడల్" అన్న మాట దగ్గర ఆగి, "పెద్దవాళ్లు, మీకిదేం పని సార్" అని పంపించేశారు. డ్రాయింగ్ నేర్పే ఒకచోట అడిగితే లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకి వచ్చే పిల్లలకేనన్నారు. మనవడితోపాటు చేరమని సలహా కూడా ఇచ్చారు. మాట వచ్చింది కాబట్టి తేల్చేస్తా. ఆర్ట్ కాలేజీల్లో బట్టల్లేకుండా కూడా వేయిస్తారు, అది చదువులో భాగం, అందులో నాకేం తప్పు కనపడదు. మన చిత్రకారుడు దామెర్ల రామారావు గారు వందేళ్ల కిందటే బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని వచ్చారు. 1925లో ఇరవై ఎనిమిది నిండకుండానే పోయారు గానీ, ఆయన వేసిన మనుషుల్ని రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. మాకు బట్టల్లేకుండా వేయాల్సినంత అవసరం లేదు. పంచె కట్టుకుని చొక్కా విప్పిన మనిషిని చూసి తిరుపతిలో ఉలిక్కిపడేవాళ్లెవరు? పూలమ్మే ఒకావిడ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాకు రెండు ఆదివారాలు కూర్చుంది, మోకాలి మీద చీర మడతలు ఎలా పడతాయో ఆవిడ వల్లే తెలిసింది. షెడ్డులోకి ఫోన్లు తేకూడదు, మోడల్‌ని తాకకూడదు, డబ్బు ముందే ఇచ్చేయాలి, ఈ మూడూ మొదటి రోజు పెట్టుకున్నవే.

ఖర్చు పెద్దగా లేదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డ మీద ముందు గీసుకునేది చింతపుల్లల బొగ్గుతోనే, నేనూ పుల్లల్ని డబ్బాలో గాలి చొరకుండా మూసి కాల్చి చేసుకుంటున్నా. మొదటిసారి మూత సరిగ్గా పెట్టక అంతా బూడిదైంది, ఇల్లంతా పొగ, ఆ రోజు ఇంట్లో జరిగింది రాయను.

కోరిక ఇది. ఆదివారాలు మూసి ఉండే బడుల్లో, ఒక వైపు కిటికీ ఉన్న గది, ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఎవరైనా ఇప్పిస్తే చాలు, ఊడ్చి తాళం వేసి ఇస్తాం. ఇక్కడ శిల్పం నేర్పే టీటీడీ సంస్థ ఉంది, అక్కడి విద్యార్థులెవరైనా నెలకోసారి వచ్చి మా తప్పులు చూపిస్తే వాళ్లకి టిఫిన్ మా ఖర్చు. మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. నిమిషం భంగిమలకి మేం వాడేది న్యూస్‌ప్రింటే. మీ ప్రెస్సులో రీలు చివర అచ్చు పడకుండా మిగిలే తెల్ల కాగితం ఉంటుందే, అది మాకిస్తే తూకానికి కొనుక్కుంటాం.

వచ్చే ఆదివారం మేస్త్రీ పెళ్లికి పోతున్నాడు, మోడల్ లేడు. చీటీలు వేస్తే నా పేరు వచ్చింది. చొక్కా విప్పాలా వద్దా అని ఇంట్లో చర్చ నడుస్తోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయరు,
బైరాగిపట్టెడ, తిరుపతి.