గేములకు ఉచిత బొమ్మలు, సంగీతం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నియమావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. గేములు చేసేవారికి బొమ్మలు, సంగీతం ఉచితంగా అందించాలనే మన సంఘం ఆశయాలు మీకు కొత్త కావు కనుక నేరుగా పనిలోకి వస్తాను.

ఈసారి గర్వంగా చెప్పుకోదగ్గది ఉమ్మడి నేల టైల్ సెట్, అంటే గేములో నేలగా పేర్చే చదరపు బొమ్మల కట్ట. గడ్డి, మట్టి కలిసే అంచుల్లో ఒక గడి చుట్టూ ఉన్న ఎనిమిది గడులను లెక్కేస్తే 256 కలయికలు వస్తాయి. మూల గడికి ఆనుకున్న రెండు పక్కలూ నిండి ఉంటేనే ఆ మూల లెక్కకొస్తుంది కాబట్టి గీయాల్సినవి 47 టైళ్లే. వాటిని 32×32 పిక్సెళ్ల కొలతలో, 32 రంగుల ఒకే పాలెట్‌తో (వాడాల్సిన రంగుల జాబితాతో), వెలుగు పైన ఎడమ నుంచి పడేలా పలువురు పంచుకుని గీశారు.

మొదటి విడత అతుకుల బొంతలా వచ్చింది, దాపరికం ఎందుకు! మెత్తటి బ్రష్ వాడినవాళ్ల టైళ్లలో అంచుల వెంట సగం పారదర్శకమైన పిక్సెళ్లు చేరి, పాలెట్‌లో లేని రంగులు పుట్టుకొచ్చాయి. కుడి మూలను అద్దంలోలా తిప్పి ఎడమ మూలగా పెట్టినచోట నీడ కూడా తిరగబడింది. టైళ్లను ఖాళీ లేకుండా పేర్చి ఎగుమతి చేయడంతో, కెమెరా కదిలినప్పుడల్లా పక్క టైల్ రంగు సన్నటి గీతగా తొంగిచూసింది. ప్రతి టైల్ అంచు పిక్సెళ్లను చుట్టూ ఒక పిక్సెల్ మేర బయటికి పొడిగించి, గేమును నడిపే ఇంజిన్‌లో ఫిల్టర్‌ను నియరెస్ట్‌కు (పక్క రంగులను కలపని పద్ధతికి) మార్చాక గీతలు పోయాయి. విసుక్కోకుండా రెండోసారి దిద్దిన చిత్రకారులకు, పరీక్ష మ్యాపులు నింపి లోపాలు పట్టిచ్చిన సభ్యులకు, పాలెట్ ఫైలును కాపాడిన మిత్రులకు మనఃపూర్వక ధన్యవాదాలు. సెట్‌ను సీసీ జీరో (ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చనే లైసెన్స్) కింద విడుదల చేశాం.

సంగీత విభాగానికి వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: లూప్ (ఆగకుండా మళ్లీ మళ్లీ మోగే పాట ముక్క) తిరిగి మొదలయ్యేచోట తడబాటు. కారణం లెక్కలోనే ఉంది. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు), బారుకు నాలుగు బీట్లు, ఎనిమిది బార్లు అంటే సరిగ్గా 16 సెకన్లు. 44,100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 44,100 శబ్దపు కొలతలు (శాంపిళ్లు) తీస్తే, 7,05,600 శాంపిళ్లు. ఎంపీ3 ఫైలు ఫ్రేములనే ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ఫ్రేములో 1,152 శాంపిళ్లు పడతాయి. భాగించి చూడండి, 612న్నర వస్తుంది. ఆ మిగిలిన అర ఫ్రేము నిశ్శబ్దంతో నిండుతుంది, మొదట్లో ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేర్చే ఖాళీ దానికి అదనం. అందుకే లూపులను ఈ ఖాళీ చేరని ఫైలు రకాలైన ఆగ్ వార్బిస్‌లోనో వేవ్‌లోనో ఇమ్మంటున్నాం. ఇక రెవర్బ్ తోకను (స్వరం ఆగాక మిగిలే ప్రతిధ్వనిని) చివర్లో కోసేస్తే టక్కుమంటుంది. ప్రాజెక్టులో లూప్‌ను వరుసగా రెండుసార్లు పెట్టి, రెండోదాన్ని మాత్రమే ఎగుమతి చేస్తే మొదటిదాని తోక అందులో కలిసిపోతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎంపీ3లు వస్తూనే ఉన్నాయి.

లైసెన్స్ తనిఖీలో కొన్నింటిని తీసేశాం, కొందరు నొచ్చుకున్నారు. అయినా తప్పదు. వాణిజ్యానికి వాడరాదనే షరతు ఉన్నవాటిని మనం తీసుకోం. కొన్న శాంపిల్ ప్యాక్‌లోని (రెడీమేడ్ శబ్దాల కట్టలోని) శబ్దాన్ని పాటలో వాడుకోనిస్తారు కానీ, విడిగా పంచుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు. 2012 నాటి లిబరేటెడ్ పిక్సెల్ కప్ (ఉచిత గేము బొమ్మల పోటీ) పాత్రలు సీసీ బై-ఎస్ఏ 3.0, జీపీఎల్ 3.0 కింద ఉన్నాయి, అంటే మార్చినవాటినీ అదే లైసెన్స్‌తో పంచాలి. ఒకరు ఆ పాత్ర మీద టోపీ గీసి, బొమ్మ మొత్తాన్ని సీసీ జీరో అన్నారు, అది చెల్లదు. అన్నట్టు, ఆ టోపీ ముందువైపు ఒక్కటే గీసి పంపారు! నాలుగు దిక్కులు, దిక్కుకు తొమ్మిది ఫ్రేముల చొప్పున నడకకే 36 కావాలి.

క్రెడిట్‌లో బొమ్మ పేరు, గీసినవారు, మూలం, లైసెన్స్ వెర్షన్, చేసిన మార్పు ఉండాలి. వెర్షన్ చిన్న విషయం కాదు. పేరు చెప్పి వాడుకోమనే సీసీ బై లైసెన్స్ 3.0లో షరతు తప్పితే అనుమతి అక్కడితో రద్దవుతుంది. 2013లో వచ్చిన 4.0లో, తప్పు తెలిసిన 30 రోజుల్లోపు దిద్దుకుంటే దానంతటదే తిరిగొస్తుంది.

సభ్యులు పంపిన బొమ్మలు, పాటలు చూసి సలహాలిచ్చే అభిప్రాయాల విభాగం గురించి రాయాలంటే మనసొప్పడం లేదు. నిరుడు చేతులెత్తి పేర్లిచ్చినవారిలో చాలామంది మళ్లీ కనబడలేదు. వచ్చిన అభిప్రాయాలూ ‘సూపర్’, ‘బాగుంది’ దగ్గరే ఆగాయి. స్ప్రైట్‌ను (గేములో కదిలే బొమ్మను) పెద్దది చేసి కాదు, గేములో కనబడే సైజులో చూడండి. రంగు తీసేసి చూస్తే పాత్ర నేపథ్యంలో కలిసిపోతోందో లేదో తెలుస్తుంది. ఏ ఫ్రేములో పాదం జారుతోందో, ఎన్నో సెకనులో బేస్ (లోతైన స్వరం) మిగతావాటిని మింగేస్తోందో చెబితేనే పంపినవారికి పనికొస్తుంది. ఈ భారమంతా మోసిన నలుగురైదుగురికి సంఘం రుణపడి ఉంది.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. ఖర్చంతా సర్వర్‌కు, బ్యాకప్‌కే. వివరాలు కోశాధికారి చదువుతారు.

అభిప్రాయాల విభాగానికి కొత్త పేర్లు ఈ సమావేశంలోనే తీసుకుంటాం. వారానికి రెండు బొమ్మలో పాటలో చూడగలిగినవారే ఇవ్వండి. నీటి అంచుల 47 టైళ్లను కూడా ఈ రోజే పంచుతాం. పాలెట్ ఫైలు తీసుకోకుండా ఎవరూ మొదలుపెట్టవద్దు.

ఇట్లు,
కార్యదర్శి