పుచ్చు పిక్కల ఆట

సంపాదక మహాశయులకు,

మీ ఆదివారం సంచికలో పాత కంప్యూటర్ల మీద వచ్చిన వ్యాసం ‘యంత్రాలు నెమ్మది, ఆటలూ నెమ్మదే’ అని తేల్చేసింది. మొదటి ముక్క నిజమే, రెండోదానికి నేను ఒప్పుకోను.

1986లో, ఓడలో పనిచేసే మా చిన్నాన్న నాకు 48కె (48 కిలోబైట్ల మెమరీ) స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ తెచ్చిచ్చారు. అందులోని జెడ్80 ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. గుణించే ఆదేశమే లేదు, కూడికలతో నెట్టుకురావాలి. మాది కాశీబుగ్గ కదా, రాలే జీడిపిక్కల్ని బుట్టలో పట్టే ఆట రాద్దామనుకున్నాను. బేసిక్ అనే తేలిక భాషలో రాస్తే పిక్క నేలకి దిగేలోపు టీ తాగి రావచ్చు. ప్రాసెసర్ నేరుగా చదివే మెషిన్ కోడ్‌కి మారితే తెర మిణుకుమిణుకుమనేది.

కాగితం మీద లెక్క వేస్తే సంగతి తెలిసింది. తెర బొమ్మ 6144 బైట్లు. పిక్క కదిలిన ప్రతిసారీ తెరంతా తుడిచి మళ్లీ గీసేవాణ్ని. బైట్లను వరసగా నకలు చేసే ఎల్‌డీఐఆర్ ఆదేశంతో తుడిస్తే బైటుకు 21 టిక్కులు (ప్రాసెసర్ గడియారపు లెక్క), మొత్తం 1,29,024. తెర ఒకసారి గీసుకునే వ్యవధి 69,888 టిక్కులే! స్టాక్‌లోకి, అంటే ప్రాసెసర్ విలువలు తాత్కాలికంగా దాచుకునే చోట్లోకి, రాసే పుష్ ఆదేశం అయితే 11 టిక్కుల్లో రెండు బైట్లు రాస్తుంది. ఆ చోటెక్కడో చూపే స్టాక్ పాయింటర్‌ను తెర చివరికి తిప్పి వరసగా పుష్‌లు కొడితే 33,792తో సరి. లూపు ఖర్చు, చిల్లర ఆలస్యాలు విడిగా.

ఆ ఊపులో పిక్క బొమ్మను చదవడానికి, స్టాక్ నుంచి తిరిగి తీసే పాప్ ఆదేశం వాడాను. కాసేపు ఆడగానే పిక్కలకు చిల్లులు పడేవి. ‘పుచ్చు పిక్కలు రా’ అని నాన్న ఒకటే నవ్వు. పది రోజులు నిద్ర లేదు. చేస్తున్న పని ఆపించి ప్రాసెసర్‌ను వేరే పనికి పిలిచే ఇంటరప్ట్ సెకనుకు 50 సార్లు వచ్చి, తిరిగిరావలసిన చిరునామాను స్టాక్‌లో రాస్తుంది. నేను స్టాక్‌ను బొమ్మ మీదికి తిప్పాను కాబట్టి, ఆ చిరునామా అప్పటికే చదివేసిన భాగం మీద పడేది. ముందు ఇంటరప్ట్‌ను ఆపే డీఐ, పనయ్యాక మళ్లీ రానిచ్చే ఈఐ పెట్టాక పుచ్చు పోయింది. ఈలోగా క్యాసెట్‌లోకి ఎక్కించకుండానే కరెంటు పోయి రెండుసార్లు మొత్తం మళ్లీ రాశాను, అది వేరే ఏడుపు.

మెమరీలో తెర వరసల చిరునామాలు కూడా వరసగా ఉండవు. 192 వరసలకూ ఒకేసారి లెక్కకట్టి 384 బైట్ల పట్టికలో పెట్టుకున్నాను.

తీరా చూస్తే, తెరంతా తుడవక్కర్లేదని ఆఖర్న తట్టింది. పిక్క ఉన్న 32 బైట్లు తుడిస్తే చాలు. ముందే తట్టి ఉంటే పుష్ జోలికే పోయేవాణ్ని కాదు.

2018 తిత్లీ తుఫానులో పైకప్పు రేకులు లేచిపోయి ఆ కంప్యూటర్ తడిసి పాడైంది. లెక్కల నోటుబుక్ మాత్రం ట్రంకుపెట్టెలో ఉండి బతికింది. వ్యాసం రాసినవారు అడిగితే జిరాక్స్ తీసి పంపుతాను.

– విశ్రాంత లెక్కల మాస్టారు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా