కెమెరా కళ్ళజోడు అడుగుతున్నవాళ్ళకు

తిరుపతి గాంధీ రోడ్డులోని మా కళ్ళజోళ్ళ అంగడికొచ్చే కుర్రాళ్ళు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఆ కెమెరా కళ్ళజోడు ఎప్పుడు తెప్పిస్తావు?" ఫోటోలు, వీడియోలు తీసే రేబాన్ మెటా గురించే, కళ్ళజోళ్ళ రేబాన్, ఫేస్‌బుక్ వాళ్ళ మెటా కలిసి చేసింది. మన దేశంలో 2025 మేలో వచ్చింది, అప్పటి ధర 29,900 రూపాయల నుంచి మొదలు. అమ్మితే నాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. అయినా షోకేసులో పెట్టడం లేదు. కావాలన్నవాళ్ళకు తెప్పిస్తాను, అదీ కూర్చుని మాట్లాడుకున్నాకే.

వస్తువు మాత్రం బాగా చేశారు. 2013 నాటి కెమెరా జోడు గూగుల్ గ్లాస్ పెట్టుకుంటే వీధంతా తిరిగి చూసేది. ఇది మామూలు కళ్ళజోడులాగే ఉంటుంది. స్పీకర్లు కాడల్లోనే ఉంటాయి, చెవులు మూసుకోవు. చూపు బాగా తగ్గినవాళ్ళకు ఎదురుగా ఉన్న బోర్డు చదివి చెప్పడం నిజంగా పనికొచ్చే సంగతి. నా మటుకు రీల్స్ కంటే అదే గొప్ప.

చిక్కంతా చెవి దగ్గరుంది. మామూలు ఫ్రేము జారుతుంటే కాడను వేడిచేసి వంచి ఇస్తాను. దీని కాడల్లో బ్యాటరీ, సర్క్యూట్లు ఉన్నాయి, అలా వేడి పెట్టలేను. బరువేమో 50 గ్రాముల దాకా. మైనస్ పవరు ఎక్కువుంటే అద్దం మందం కూడా కలిసి ముక్కు మీద కూర్చుంటుంది. కాబట్టి పెట్టి చూసుకోకుండా ఆర్డరివ్వొద్దు.

మన ఊరి సంగతి ఇంకొకటి. తిరుమల గుళ్ళోకి ఫోన్లు, కెమెరాలు తీసుకుపోనివ్వరు. ఇదీ కెమెరానే కదా సామీ! మీ పవరు అద్దాలు అందులోనే ఉంటే, జోడు బయటే అప్పజెప్పి మసక కళ్ళతో క్యూలో నిలబడాలి. గంటలకొద్దీ నిలబడి, తీరా స్వామి ముందుకొచ్చాక సరిగ్గా కనిపించకపోతే ఆ దర్శనం ఏం దర్శనం? అందుకే పవరు ఉన్నవాళ్ళ దగ్గర మామూలు జోడు ఒకటి ఉంటేనే ఆర్డరు తీసుకుంటాను. కొత్తది నా దగ్గరే కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న పాతదానికి పవరు సరిపోతే చాలు. ఉచితంగా చూసి చెబుతాను.

రికార్డు అవుతున్నప్పుడు ఫ్రేము ముందు చిన్న లైటు వెలుగుతుంది. దాన్ని కనపడకుండా చేయమని అప్పుడే ఒకరిద్దరు అడిగారు. ఎంతిచ్చినా చేయను. ఎదుటివాళ్ళకు తెలియాలనే కదా అది పెట్టింది.

కావాలనుకున్నవాళ్ళు డాక్టరు రాసిన పవరు చీటీ తీసుకుని పొద్దున పూట రండి. సాయంత్రమైతే రద్దీలో మాట్లాడే తీరిక ఉండదు.