పని ముగిశాక ఇచ్చే పర్యావరణ అనుమతి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఓటు హక్కు వచ్చిన నాటి నుంచి సంప్రదాయాన్ని, ఆస్తి హక్కును, చట్టపాలనను గౌరవిస్తామని చెప్పే పక్షానికే ఓటు వేస్తున్నాను. పరిశ్రమలు రావాలని, వాటిని అకారణంగా వేధించకూడదని ఇప్పటికీ కోరుకుంటాను. అయినా, పర్యావరణ అనుమతి లేకుండా మొదలైన పనులకు తర్వాత తీరిగ్గా అనుమతి మంజూరు చేసే కేంద్ర ప్రభుత్వ విధానాన్ని సమర్థించలేకపోతున్నాను.

పర్యావరణ ప్రభావ అంచనాపై 2006లో వెలువడిన నోటిఫికేషన్ ప్రకారం దాని పరిధిలోని ప్రాజెక్టులు ముందుగానే అనుమతి పొందాలి. ఆ నియమాన్ని మీరినవారికి 2017 మార్చి నోటిఫికేషన్, 2021 జూలై ఆఫీసు మెమొరాండం (కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు) తర్వాత అనుమతి పొందే దారి తెరిచాయి. 2025 మే 16న సుప్రీంకోర్టు ఈ రెండింటినీ కొట్టివేసింది. అదే ఏడాది నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మే తీర్పు నిలిస్తే వేల కోట్ల ప్రజాధనంతో కట్టినవి కూల్చవలసి వస్తుందన్న వాదన నిజంగా బరువైనదే, పన్ను కట్టేవాడిగా నాకూ ఆ బాధ తెలుసు. కానీ అనుమతి రాకముందే ఆ పనులకు కొబ్బరికాయ కొట్టించిన అధికారులు ఎవరికి జవాబు చెప్పారు?

విశాఖవాసులకు ఇది ఢిల్లీ వ్యవహారం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ ఉదయం గోపాలపట్నం వైపు నుంచి మా బంధువులు కళ్లు మంటలెక్కి, కట్టుబట్టలతో మా గుమ్మంలోకి వచ్చారు. ఆ కర్మాగారంలో తగిన పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి సాగిందన్న సంగతి ఊరందరికీ ఆ తర్వాతే తెలిసింది. ముందస్తు అనుమతి ప్రక్రియలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. ఆ ట్యాంకుల్లో ఏముంది, లీకైతే మేం ఎటు పరుగెత్తాలి అని చుట్టుపక్కలవారు అడగగలిగే అవకాశం అదొక్కటే. పని అయిపోయాక జరిపే విచారణలో ఆ ప్రశ్నకు విలువేముంటుంది?

మా తమ్ముడికి ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. కావలసిన పత్రాలన్నీ గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకుంటాడు. జన విశ్వాస్ చట్టం 2023 ద్వారా పర్యావరణ పరిరక్షణ చట్టంలోని జైలు శిక్షల స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాలు తెచ్చారు. చిన్న కాగితపు తప్పుకు మా తమ్ముడి వంటివారిని జైలు పేరుతో భయపెట్టకపోవడం మంచిదే. అయితే వందల కోట్ల సంస్థకు 15 లక్షలు ఖర్చుల పద్దులో ఒక వరుస మాత్రమే. నియమం పాటించినవాడికి ఖర్చూ జాప్యమూ, మీరినవాడికి జరిమానాతో సరి అనడం, ఆస్తినీ కష్టార్జితాన్నీ గౌరవించే ప్రభుత్వం చేయవలసిన పని కాదు.

ఇప్పటికే పూర్తయిన ప్రజావసర నిర్మాణాలకు మాత్రం ఒక తేదీ నిర్ణయించి, పార్లమెంటులో చర్చించి, ఒక్కసారికి మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ తేదీ తర్వాత ముందస్తు అనుమతి లేని ఏ పనికీ, అది ప్రభుత్వానిదైనా సరే, మొదలయ్యాక అనుమతి ఇవ్వకూడదు. జరిమానాను ప్రాజెక్టు విలువను బట్టి లెక్కకట్టాలి. ఈ సవరణలను మన రాష్ట్ర ఎంపీలు పార్లమెంటులో ప్రతిపాదించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం