రోహిణీ కార్తెలో దుప్పటి

కావలి,
కార్తీక పౌర్ణమి మరుసటి రోజు

అమ్మణ్ణీ,

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఏంటి అని నవ్వుతావని తెలుసు. ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. "అమ్మా, నాకేం కాలేదు, టెన్షన్ పడకు" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు. ఇక్కడ మూడు రోజులుగా ముసురు, కరెంటు వచ్చి పోతోంది. మీ నాన్న వరండాలో కూర్చుని చూరు నీళ్ళు లెక్కపెడుతున్నారు. నాకూ పనేం లేదు.

దసరాకు వచ్చి వెళ్ళిన మరునాడే థైరాయిడ్ మాత్ర మానేశానన్నావు. అంటే ఇవాల్టికి అయిదు వారాలు. మాత్ర వేడి చేస్తోంది, చెమటలు పడుతున్నాయి, గుండె దడగా ఉంటోంది, మానేశాక ప్రాణం హాయిగా ఉంది అన్నావు. రుజువు కోసం వాట్సాప్‌లో థర్మామీటరు ఫోటోలు పంపుతున్నావు. మొదటి వారం 98.2, మొన్న 97.5. "చూడమ్మా, నార్మలే" అని కింద ఒక నవ్వు బొమ్మ. కానీ మీ ఆయన మొన్న మీ నాన్నతో ఏమన్నాడో తెలుసా? "మామయ్యా, ఈవిడ ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకునే మనిషి, ఇప్పుడు ఫ్యాన్ కూడా వద్దంటోంది, సాక్సులేసుకుని పడుకుంటోంది" అన్నాడట. పాపం, అల్లుడు అదేదో తమాషాగా చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హైదరాబాదులో చలి మొదలైంది కదమ్మా అంటావు. మొదలైందిలే. నీ చలికి ఆ వంక దొరికింది. నాకు ఆ వంక కూడా దొరకలేదు.

నా సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నువ్వు ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో, హాస్టల్లో ఉన్నప్పటి మాట. ఉగాది వెళ్ళిన వారానికి అల్లూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న బంధువులావిడ, "జన్మంతా ఇంగ్లీషు మందు మింగితే లివరు పోతుంది, ఈ చూర్ణం నలభై రోజులు వాడు చాలు" అంది. నేను తలూపి, అప్పటిదాకా వేసుకుంటున్న థైరాయిడ్ మాత్ర మానేశాను. పదో తరగతి పిల్లలకు ఇరవై ఏళ్ళు గ్రంథుల పాఠం చెప్పినదాన్ని, బోర్డు మీద థైరాయిడ్‌ను సీతాకోకచిలుకలా గీసి భాగాలు గుర్తించమన్నదాన్ని, పప్పన్నం కలుపుకుంటూ ఆవిడ మాటకు పడిపోయాను. సిగ్గుతోనే రాస్తున్నా.

మొదటి రెండు వారాలు నాకేమీ కాలేదు. నీలాగే. కాకపోగా సుఖంగా కూడా ఉంది, లేవగానే కాఫీ తాగొచ్చు, మాత్ర వేసుకుని అరగంట గడియారం వంక చూడక్కర్లేదు. చూర్ణం పనిచేస్తోందని మీ నాన్న దగ్గర గొప్పలు పోయాను. మే నెల సగం గడిచేసరికి తెల్లవారుజామున పాదాలు చల్లబడి మెలకువ వచ్చేది. తర్వాత రోహిణీ కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవి. రాత్రి పన్నెండింటికి కూడా గోడలు సెగ కక్కుతున్నాయి. ఆ గదిలో మీ నాన్న తడి తువ్వాలు మెడకు చుట్టుకుని పడుకుంటే, నేను ఫ్యాన్ ఆపమని గొడవ. ఆయన ఆపనన్నారు. నేను లేచి బీరువాలో సంక్రాంతినాడు మడతపెట్టిన దుప్పటి తీసి నిండా కప్పుకున్నాను. ఆయన లైటు వేసి చూసి ముందు నవ్వారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నవ్వడం ఆపేశారు. కడవలో నీళ్ళంత చల్లగా ఉందన్నారు.

జ్వరానికి ముందు వచ్చే చలేమోనని థర్మామీటరు పెడితే 97.1 చూపించింది. "జ్వరమూ లేదు, మరీ తక్కువా లేదు, మరి ఈ చలేంటి?" అని ఇద్దరం తెల్లబోయాం.

ఇక్కడే నువ్వు పొరబడుతున్నావు, అందుకే ఇంత రాస్తున్నా. థర్మామీటరు చెప్పేది ఒంటి లోపలి వేడి. లోపల గుండె, మెదడు చల్లబడకుండా చూసుకోవడం ఒంటికి అన్నిటికంటే ముఖ్యం. మాత్ర అందక వేడి పుట్టడం తగ్గినప్పుడు ఒళ్ళు చర్మం దగ్గరి రక్తనాళాలను బిగించి ఉన్న వేడిని లోపలే దాచుకుంటుంది. అందుకే చేతులూ పాదాలూ ముందు చల్లబడతాయి, చర్మం పొడిబారుతుంది, చెమట తగ్గుతుంది, థర్మామీటరు అంకె మాత్రం పెద్దగా కదలదు. పైగా ఆ అంకె పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఆడవాళ్ళకు నెలలో అండం విడుదలైన తర్వాత అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది కూడా. నువ్వు పంపిన 98.2, 97.5 తేడాలో ఏది మాత్ర వల్లో, ఏది తేదీ వల్లో ఎవరు చెప్పగలరు? థర్మామీటరు చూసి మాత్ర మానేయడమూ తప్పే, అది చూసి పెంచుకోవడమూ తప్పే. చెప్పగలిగేది రక్తపరీక్ష ఒక్కటే.

మానేసిన వెంటనే ఏమీ ఎందుకు కాలేదంటావా? నువ్వు మింగే మాత్ర టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోనే. అది గాదెలో పోసిన వడ్ల లాంటిది. ఒళ్ళు దాన్ని కావలసినంత టీ3గా, అంటే నేరుగా పనికొచ్చే రూపంలోకి, మార్చుకుని వాడుకుంటుంది, వడ్లు దంచి బియ్యం చేసుకున్నట్టు. మాత్ర ఆపినా గాదె ఒక్కరోజులో ఖాళీ అవదు. సుమారు వారానికి సగం అవుతుంది, ఇంకో వారానికి పావు మిగులుతుంది. రెండు వారాలు నువ్వు హాయిగా ఉన్నది పాత గింజలతో. అయిదో వారానికి అడుగున చీపురు పెట్టి ఊడ్చుకోవడమే.

నెల్లూరు తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే నా టీఎస్‌హెచ్ 46 వచ్చింది. నాలుగు, నాలుగున్నర దాటకూడనిది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ, సరుకు చాలడం లేదు ఇంకా పంపమని థైరాయిడ్‌ మీద పెట్టే కేకే టీఎస్‌హెచ్. నా గ్రంథి కేకలు విని పనిచేసే స్థితిలో లేదు, నీదీ అదే రకమని అప్పుడే చెప్పారు కదా, మన ఒళ్ళే దాన్ని పరాయిదనుకుని దెబ్బ తీస్తోందని. అది నానుంచే నీకు వచ్చి ఉంటుంది. చంద్రహారం ఇస్తానంటే వద్దన్నావు, ఇది మాత్రం అడక్కుండానే తీసుకున్నావు.

వేడి చేస్తోందన్న మాట కొట్టిపారేయడం లేదు. ఆ మాట నేర్పిందే నేను. మామిడిపండు వేడి, నువ్వులు వేడి, కోడిగుడ్డు వేడి అని సబ్జాలు నానబెట్టి తాగించినదాన్ని. మిగతావాటి సంగతేమో గానీ ఈ మాత్ర విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. కణాలు తిన్నదాన్ని ఎంత జోరుగా మండించాలో చెప్పేది ఈ హార్మోనే, ఒంట్లో వేడి అక్కడే పుడుతుంది. డోసు ఎక్కువైతే చెమటలు, దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి. నీకు 75 నుంచి 100కు మార్చాకే అవన్నీ మొదలయ్యాయి కదా? అయితే అది డోసు తగ్గించాలేమో చూడమని డాక్టరుతో అనాల్సిన మాట. పాలు పొంగుతున్నాయని సెగ తగ్గిస్తాం గానీ పొయ్యిలో నీళ్ళు పోస్తామా?

1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు ఇలాంటి జబ్బుతో ఉన్న ఒకావిడకు గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. ఆవిడ ఆ మందు మీదే 28 ఏళ్ళు బతికి 74వ ఏట పోయింది. మన నెల్లూరు గొర్రెను మనం పులుసుకే వాడుకున్నాం. నీకు దక్కింది ఆవగింజ కంటే కాస్త పెద్ద మాత్ర, రుచీ వాసనా లేదు. దానికే ఇంత విసుగా?

నేను మళ్ళీ మొదలుపెట్టాక చలి వెంటనే పోలేదు. గాదె నిండటానికీ అయిదారు వారాలు పడుతుంది. శ్రావణమాసంలో ఒకరోజు గారెలు వేయిస్తుంటే మెడ వెనక చెమట కారింది. చెయ్యి పెట్టి చూసుకుని మీ నాన్నను కేకేసి చూపించాను. చెమట పట్టిందని పండగ చేసుకున్నది ఆ వీధిలో నేనొక్కదాన్నే అయి ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది అత్తగారి మాటలా అనిపిస్తే క్షమించు. వచ్చే ఏడాది పిల్లల సంగతి చూద్దామనుకుంటున్నామన్నావు. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. అప్పుడు డోసు పెంచాల్సి కూడా వస్తుంది. అందుకే ఈ విషయం డాక్టరు దగ్గర ముందే చెప్పు, నెల తప్పాక కాదు.

సోమవారం పొద్దున్నే వెళ్ళి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలు చేయించు. అయిదు వారాలు మానేసిన సంగతి దాచకు, దాస్తే రిపోర్టు చూసి డోసు ఇంకా పెంచేస్తారు. మానేసిన మాత్రలన్నీ ఒక్కసారి మింగి లెక్క సరిచేద్దామనుకోకు. ఎంత వేసుకోవాలో వాళ్ళు చెప్పాక పరగడుపున మంచినీళ్ళతో వేసుకో, కాఫీ అరగంట తర్వాతే. ఆ రక్తం పట్టే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర నాలుగు గంటలు ఎడంగా పెట్టుకో. మళ్ళీ పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకు. ఈలోగా బాగా మత్తుగా ఉన్నా, ఒళ్ళు మరీ చల్లబడినా పరీక్ష కోసం కూర్చోక వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ ముక్క అల్లుడికి కూడా చదివి వినిపించు.

వాన తెరిపిస్తే ఆదివారం మీ నాన్న బస్సులో కారప్పొడి, మలై కాజాలు పంపుతారు. సాక్సులు కూడా రెండు జతలు పెడుతున్నా, ఉన్ని సాక్సులు, మీ నాన్నే కొన్నారు. సోమవారం రిపోర్టు ఫోటో పంపు. థర్మామీటరు ఫోటో వద్దు.

అమ్మ