క్లిఫర్డ్స్ టవర్ కింద ఉన్నది కొండ కాదు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంపై వచ్చిన వ్యాసం చదివాను. క్లిఫర్డ్స్ టవర్ చిన్న కొండ మీద కట్టిన బురుజు అని, ఫొటోలకు బాగుంటుందని రాసి ముగించారు. ఈ ఊళ్లో కాపురముంటున్న నాకు అది బాధ కలిగించింది. అందుకే ఈ ఉత్తరం.

అది కొండ కాదు, మనుషులు పోసిన మట్టిదిబ్బ. ఎత్తు దాదాపు 15 మీటర్లు. ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్ రాజు విలియం, ఉత్తరాదిని లొంగదీయడానికి 1068లో వేయించిన కోట ఇది. దిబ్బ మీద కర్ర బురుజు, చుట్టూ కందకం. మరుసటి ఏడు ఊజ్ నదికి అవతలి ఒడ్డున ఇంకొకటి వేశారు. బెయిల్ హిల్ అనే ఆ దిబ్బ చెట్లు కప్పేసి ఇప్పటికీ ఉంది, అటు వెళ్లేవాళ్లే తక్కువ. కోటల కోసం నగరంలోని ఏడు భాగాల్లో ఒకటి పాడుపడిందని విలియం దేశమంతటా తీయించిన 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లోనే రాసి ఉంది. ఎన్ని ఇళ్లు పోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

వ్యాసంలో అస్సలు రాని సంగతి మరొకటుంది. 1190 మార్చిలో యార్క్‌లోని యూదుల మీద అల్లరి మూకలు పడ్డాయి. యూదులు రాజు రక్షణలో ఉన్నవాళ్లు కాబట్టి రాజుగారిదైన ఈ కోటలోకే వెళ్లి తలదాచుకున్నారు. సుమారు 150 మంది, పిల్లాపాపలతో సహా. బయట మూక, లోపల ఆకలి. మార్చి 16 రాత్రి చాలామంది మతం మారడం కన్నా చావే నయమనుకుని ఒకరి చేతుల్లో ఒకరు ప్రాణాలు వదిలారు. బురుజు తగలబడింది. చంపబోమన్న మూక మాట నమ్మి బయటికొచ్చిన వాళ్లనూ చంపేశారు. ఆ వెంటనే మూక పెద్ద చర్చికి పోయి, యూదుల దగ్గర తీసుకున్న అప్పులకు రాసిచ్చి అక్కడ దాచిన పత్రాలు కాల్చేసింది. మతం పేరు చెప్పి చేసిన ఈ పనిలో బాకీలు ఎగ్గొట్టే ఆలోచన ఎంతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. మెట్ల మొదట్లో 1978లో పెట్టిన శిలాఫలకం ఈ సంగతే చెబుతుంది. మనవాళ్లు చాలామంది దాని పక్కనుంచే చూడకుండా పైకి ఎక్కిపోతారు.

ఇప్పుడు కనిపించే రాతి బురుజు 13వ శతాబ్దంలో మూడో హెన్రీ కట్టించింది. అంత బరువు పోసిన మట్టి మీద పెడితే ఏమవుతుంది? సుమారు వందేళ్లకే గోడ పైనుంచి కిందిదాకా చీలింది. ఆ పగులు ఈనాటికీ చూడొచ్చు.

ఈ దిబ్బ అంచును తవ్వి సందర్శకుల కేంద్రం కట్టడానికి 2016లో నగర కౌన్సిల్ అనుమతిచ్చింది. ఊరివాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు, వ్యవహారం కోర్టుకెక్కింది, చివరికి 2018లో ఈ బురుజు బాగోగులు చూసే ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ ఆ ప్లాన్ మానుకుంది. 2022లో బురుజు లోపల కొత్తగా చెక్క డెక్ కట్టినప్పుడు మాత్రం దిబ్బలోకి తవ్వకుండా, బరువంతా పరుచుకునేలా కాంక్రీటు పునాది వేశారు. ఇలా చేయొచ్చని తేలింది కదా. దిబ్బను ఆనుకుని ఉన్న కార్ పార్కింగ్‌ను కూడా తీసేస్తే ఈ చోటుకు తగిన మర్యాద దక్కుతుందని నా గట్టి అభిప్రాయం.

చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు వీకెండ్స్‌లో ఇక్కడికి గుంపులుగా వస్తారు. కొందరు మెట్లు వదిలేసి గడ్డి మీదుగా ఎక్కుతారు, రీల్స్ కోసం పైనుంచి జారుతారు. ఆ మట్టిని పట్టి ఉంచేది ఆ గడ్డే. అది ఊడితే వానకు మట్టి కోసుకుపోతుంది. మన భాషలో చెబితే వింటారు. వచ్చే సంచికలో సవరణ వేసి, మెట్ల మీదుగానే ఎక్కమని, ఎక్కేముందు ఆ ఫలకం చదవమని రెండు మాటలు రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, యార్క్